చంద్రగిరి కోటను స్వర్ణముఖితో కలిపి చూపండి: సంబంధిత అధికారులకు బహిరంగ లేఖ

చంద్రగిరి కోటకు సంబంధించి పురావస్తు పరిరక్షణ, పర్యాటకం, అటవీ, జలవనరులు, రహదారులు, జిల్లా పాలన బాధ్యతలు నిర్వహిస్తున్న గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం.

స్వర్ణముఖి నది కుడి ఒడ్డున, తిరుపతికి 12-15 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రగిరి కోట గురించి మీకు ఒక విన్నపం చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. అక్కడికి వెళ్ళిన సందర్శకులు సాధారణంగా చూసి వచ్చేది రాజమహలు, దాని ముందున్న పచ్చిక, లోపలి ప్రదర్శనశాల, పక్కనున్న రాణీమహలు. సాయంత్రం దాకా ఉండగలిగినవారికి ధ్వని, కాంతి ప్రదర్శన. నిజానికి 183 మీటర్ల ఎత్తున్న కొండ, దాని అంచుల వెంబడి కిలోమీటరుకు పైగా సాగిన రాతిగోడ, పూడిపోయిన కందకం, కొండమీది చెరువులు, శిథిలమైన ఎనిమిది గుళ్ళు, ఈ అన్నింటికీ ఆధారమైన నది కలిస్తేనే అది కోట అవుతుంది. నది ఒడ్డు నుంచి కొండ మీది దాకా ఈ మొత్తాన్ని ఒకే దారిలో నడిపించి చూపే ఏర్పాటు మీ శాఖలన్నీ కలిసి చేయాలన్నదే నా విన్నపం.

తిరుపతిలో ఇల్లున్నవారికి ఒక బాధ్యత దానంతటదే వచ్చి పడుతుంది. దర్శనం చేసుకుని కొండ దిగిన బంధువులు, రైలుకు ఇంకా చాలా వేళ ఉన్నదని తెలియగానే, చుట్టుపక్కల ఇంకేం చూడవచ్చునని అడుగుతారు. కపిలతీర్థం, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం తర్వాత మేము చంద్రగిరి పేరు చెబుతాం. వారు వెళ్ళి వచ్చి మహలు బాగుందని, తోట బాగుందని, ఎండ మాత్రం భరించలేకపోయామని చెబుతారు. నది చూశారా అని అడిగితే, అక్కడ నది ఎక్కడున్నదని మమ్మల్నే ఎదురడుగుతారు. అందులో వారిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగా కనిపించే ఏటిని, ఎవరో ఒకరు ఆగి చూపితే తప్ప, కొత్తవారు కోటతో జత చేసి చూడలేరు.

కోట ఈ చోటనే ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు సమాధానం మహలులో దొరకదు. యాదవరాయల ఏలుబడిలో సుమారు వెయ్యేళ్ళ కిందట కోటకు పునాది పడిందని సంప్రదాయం చెబుతుంది. 1367 నాటికి ఈ సీమ విజయనగర ఆధీనంలోకి వచ్చింది. విజయనగరానికి లోబడిన చంద్రగిరి రాజ్యాన్ని చూసుకుంటూ బలపడిన సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనాన్నే అధిష్ఠించాడు. 1529లో శ్రీకృష్ణదేవరాయలు కన్నుమూసే నాటికి ఆయన తమ్ముడు అచ్యుతరాయలు ఉన్నది చంద్రగిరిలోనే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపి పాడుబడి, రాజధాని పెనుకొండకు మారింది. అక్కడికీ గోల్కొండ దాడులు తప్పకపోవడంతో, 1586 నుంచి 1614 వరకు పాలించిన వెంకటపతిరాయలు తన కొలువును చంద్రగిరికి తెచ్చుకున్నాడు. దండయాత్రలతో అలసిన రాజ్యానికి ఇక్కడ ఎక్కి దాక్కోవడానికి కొండ, సైన్యానికి తిండి పండించే ఏటి గట్టు మాగాణి, రాజుకు ప్రతిష్ఠ ఇచ్చే తిరుమల సాన్నిధ్యం ఒకేచోట దొరికాయి. ఈ మూడింటిలో ఏది లేకున్నా చంద్రగిరి రాజధాని అయ్యేది కాదని నా అభిప్రాయం. సందర్శకుడు నది దగ్గర నిలబడి, ఎదురుగా కొండను, దాని వెనుక శేషాచల శ్రేణిని ఒక్క చూపులో చూస్తే ఈ సంగతి చెప్పకుండానే సగం అర్థమవుతుంది.

తిరుమల సాన్నిధ్యమంటే కేవలం భక్తి సంగతే అనుకోకూడదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1930లలో ప్రచురించిన వెయ్యికి పైగా ఆలయ శాసనాలను చదివినవారికి ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. సాళువ నరసింహుడి కాలం నుంచి స్వామికి నైవేద్యాల కోసం దాతలు సమర్పించిన సొమ్ములో గణనీయమైన భాగం, దేవుడి మాన్యం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి ఖర్చయింది. కొత్త నీటితో పెరిగిన పంటలోంచి ప్రసాదానికి కావలసిన ధాన్యం వచ్చేది. నైవేద్యం పూర్తయ్యాక ప్రసాదంలో దాతకు రావలసిన వాటా ఎంతో కూడా అవే శాసనాలు చెబుతాయి. భక్తి, వ్యవసాయం, నీటి పారుదల, రాజకీయం ఇంత పకడ్బందీగా ముడిపడిన ఏర్పాటు ఆనాటి దక్షిణదేశంలో మరెక్కడైనా ఉన్నా, ఇంత విపులంగా రాతిమీద నమోదైన చోట్లు అరుదు. మధ్యాహ్న నైవేద్యపు గంట తిరుమలలో మోగితే, దారిలోని మండపాల్లో గంట తర్వాత గంట కొట్టుకుంటూ ఆ కబురు చంద్రగిరికి చేరేదని, అది విన్న తర్వాతే రాయలవారు భోజనానికి కూర్చునేవారని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ గంట కథ మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. గంట వెనకనున్న చెరువుల కథ మాత్రం పెద్దవారికీ తెలియదు. కోటలో పెట్టే ఫలకాల్లో, మార్గదర్శకులు చెప్పే మాటల్లో మొదటి చోటు దీనికివ్వాలని కోరుతున్నాను.

కోట గోడ విషయానికి వస్తే, దాన్ని దాటి వెళ్ళిపోయేవారే కాని ఆగి చూసేవారు తక్కువ. అంత పెద్ద బండలను ఏనుగుల చేత మోయించి పేర్చారని ప్రతీతి. ఏనుగుల మాట ఎలా ఉన్నా, విజయనగర కాలపు కోటగోడల పనితనం గురించి సందర్శకుడికి చూపదగినవి చాలా ఉన్నాయి. ఆ కాలపు రాళ్ళ అంచుల్లో చిన్న చిన్న గుంతల వరుస కనిపిస్తుంది. బండ మీద సమానమైన ఎడంతో రంధ్రాలు తొలిచి, వాటిలో చీలలు దిగగొట్టి, రాయి తనంతట తాను గీత గీసినట్టు విడిపోయేలా చేసిన గుర్తులవి. ముందువైపు, వెనకవైపు పెద్ద రాళ్ళను సున్నం లేకుండానే ఒకదానికొకటి ఒదిగేలా పేర్చి, నడుమ మట్టి, రాతిముక్కలు కూరి గోడ లేపేవారు. అలా కట్టిన గోడలో నీరు నిలవదు, వాన పడితే సందుల్లోంచి బయటికి పోతుంది. ఈ సంగతి తెలియక ఆ సందులను సిమెంటుతో పూడ్చితే ఏమవుతుందో పరిరక్షణ నిపుణులైన మీకు నేను చెప్పవలసిన అవసరం లేదు. గోడ పొడవునా ఒక నడక దారి ఉండి, రెండు మూడు చోట్ల ఆగి ఈ గుర్తులను చూపితే, పదో తరగతి పిల్లవాడికి పాఠ్యపుస్తకంలోని ఒక అధ్యాయం కన్నా ఎక్కువ తెలుస్తుంది.

నీటి సంగతి ఇంకా ముఖ్యమైనది. కందకం ఒకనాడు నీటితో నిండి ఉండేది, నేడు చాలా భాగం పూడిపోయింది. కొండ పైభాగంలో కాపుండే సైనికుల కోసం రెండు చెరువులు ఏర్పాటు చేశారు. ముట్టడి వస్తే తలుపులు మూసుకుని ఎన్నాళ్ళు ఉండగలరన్నది ధాన్యం కన్నా ముందు ఆ చెరువుల మీదే ఆధారపడి ఉంటుంది. కింద ఏరు, దాని ఊట మీద బతికే బావులు, కోటలో కందకం, కొండ మీద వాన నీటి చెరువులు. ఒకదాని తర్వాత ఒకటిగా వీటిని చూస్తూ పైకెక్కినప్పుడే, వానలకు ఎప్పుడూ నమ్మకం లేని రాయలసీమ అంచున ఒక రాజధాని ఎలా నిలబడిందో సందర్శకుడికి బోధపడుతుంది. ఇప్పుడు ఇవి వేర్వేరుగా, చాలామందికి అసలు కనబడకుండా ఉన్నాయి.

రాజమహలు ప్రాముఖ్యాన్ని తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. ఆ కట్టడం ఉన్నది ఉన్నట్టుగా నిలిచి ఉండడమే మా జిల్లాకు దక్కిన అదృష్టం. మూడు అంతస్తుల భవనంలో ఎక్కడా కొయ్య వాడకుండా, రాయి, ఇటుక, సున్నంతోనే పైకప్పులు నిలిపిన నేర్పు మెచ్చదగినది. కింది నుంచి చూస్తే వరుసగా కమానులు, దక్కను సుల్తానుల కట్టడాల తీరు. తలెత్తి చూస్తే గుడి శిఖరాలను తలపించే గోపురాలు. గోల్కొండతో యుద్ధాలు జరుగుతున్న కాలంలోనే ఆ వైపు వాస్తును ఇంత ఇష్టంగా స్వీకరించిన రాజులను గురించి, నాటి చరిత్రను రెండు మతాల పోరుగా మాత్రమే చెప్పేవారు ఒకసారి ఆలోచించుకోవాలి. ఈ విషయం మీద పెద్ద వ్యాఖ్యానం అక్కరలేదు. కమానును, శిఖరాన్ని చూపించే రెండు బాణం గుర్తులతో ఒక ఫలకం పెడితే చాలు.

ఫలకాల మాట వచ్చింది కనుక మరొకటి. మద్రాసు నగరానికి మూలమైన స్థలాన్ని ఆంగ్లేయులకు ఇచ్చిన పత్రం మీద ఈ మహలులోనే సంతకం జరిగిందని చాలామంది చెబుతారు. 1639లో ఈస్టిండియా కంపెనీ వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు ఆ స్థలం దక్కింది చంద్రగిరి రాయలకు లోబడి తీరప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడి ద్వారా. తర్వాత 1645లో శ్రీరంగరాయలు ఆ హక్కులను మళ్ళీ ధ్రువీకరించాడు. ఆ మరుసటి ఏడే, 1646లో, చంద్రగిరి గోల్కొండ వశమైంది. సంతకం జరిగిన గది ఏదన్న ముచ్చట కన్నా, రాజ్యం చేజారబోతున్న రాయలు సముద్రపు ఒడ్డున కొత్తగా వచ్చిన వర్తకులకు హక్కులు రాసిచ్చాడన్న వరస ఎంతో ఆలోచింపజేస్తుంది. ప్రతీతిని ప్రతీతిగా, దస్తావేజును దస్తావేజుగా విడివిడిగా రాస్తే కోట గౌరవం పెరుగుతుందే కాని తరగదు. 1782లో హైదర్ అలీకి కోట లొంగిపోవడం, 1792 శ్రీరంగపట్నం సంధి దాకా మైసూరు ఆధీనంలో ఉండడం కూడా ఆ ఫలకాల మీద రెండు పంక్తుల్లో చెప్పవచ్చు.

ఇక అసలు చిక్కు. కోట ఒకటే అయినా దాన్ని చూసే కార్యాలయాలు అనేకం. మహళ్ళు, గోడలు పురావస్తు శాఖవి. కొండ, చుట్టూ ఉన్న అడవి అటవీ శాఖ పరిధిలోకి వస్తాయి. ఏరు జలవనరుల శాఖది, రాత్రి ప్రదర్శన పర్యాటక శాఖది, దారులు మరొకరివి, ఊరు పంచాయతీది. ఎవరి పని వారు శ్రద్ధగానే చేసినా, ఒకరి హద్దు దగ్గర మరొకరి హద్దు మొదలయ్యే చోట సందర్శకుడి దారి తెగిపోతుంది. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా నిర్మాణాలను నిషేధించి, ఆపైన మరో 200 మీటర్లలో నియంత్రించింది. ఒక్కొక్క కట్టడానికి దాని పరిసరాలను బట్టి ప్రత్యేక ఉపనిబంధనలు రూపొందించడానికీ అదే చట్టం దారి చూపింది. మీటర్ల లెక్క గోడను కాపాడుతుంది. నదివైపు నుంచి కొండ కనిపించే దృశ్యాన్ని, ఏటి గట్టు పొలాలను, కందకం ఆనవాళ్ళను కాపాడడానికి మాత్రం ఆ లెక్క చాలదు. చంద్రగిరికి వర్తించే నిబంధనల్లో నదివైపు చూపు కూడా రక్షణీయమైనదని రాయవలసి ఉంది. ఆ ఊరివారికి దీనివల్ల ఇల్లు కట్టుకోవడంలో కొత్త కష్టాలు రాకుండా, ఏ ఎత్తు వరకు, ఏ వైపు కట్టుకోవచ్చునో తెలుగులో, అందరికీ అర్థమయ్యే పటంతో ముందుగానే ప్రకటించడం అంతే అవసరం.

నదిని చూపమంటున్నాను కదా అని ఒడ్డును సిమెంటు మెట్లతో, రంగు దీపాలతో, పెద్ద పెద్ద బొమ్మలతో అలంకరించవద్దని ముందే వేడుకుంటున్నాను. ఫొటోలు తీసుకునే వేదికలు మనకు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. స్వర్ణముఖి ఎండి ఉన్నంత మాత్రాన చచ్చిన ఏరు కాదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి, తిరుచానూరు, చంద్రగిరి పరిసరాల్లో ఆ ఏరు ఏం చేసిందో మనమంతా కళ్ళారా చూశాం. గట్టు మీది ఇళ్ళు కూలి నీటిలో కలిశాయి, వంతెనలు దెబ్బతిన్నాయి. అదే వారంలో రాయలవారి కాలపు చెరువుగా పేరున్న రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒక్క రాత్రిలో పొంగే ఏటికి దాని చోటు దానికి వదిలిపెట్టాలి. మట్టి దారి, నీడకు నాలుగు కానుగ చెట్లు, కూర్చోవడానికి రాతి తిన్నెలు, వరద వస్తే మూసివేసే గొలుసు ఉంటే చాలు. ఇసుక తవ్వకాలు కోట ఎదుటి ఏటిలో పూర్తిగా ఆగితే, పైన చెప్పిన ఊట బావుల కథ చెప్పడానికి కనీసం ఊట మిగులుతుంది.

ఈ దారి చంద్రగిరితోనే ఆగనక్కరలేదు. కొద్ది దూరం దిగువన తొండవాడ దగ్గర స్వర్ణముఖి, భీమా, కల్యాణి కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. చంద్రగిరి నుంచి తిరుమలకు పోయే దారిలో శ్రీనివాస మంగాపురం, అక్కడి నుంచి 2,388 మెట్ల శ్రీవారి మెట్టు. మంగాపురంలోని కల్యాణ వేంకటేశ్వరుడి ఆలయాన్ని 1540లో తాళ్ళపాక చినతిరుమలాచార్యులు పునరుద్ధరించారు. ఇంకా దిగువకు పోతే తిరుచానూరు, క్రీస్తుపూర్వపు శివలింగం ఉన్న గుడిమల్లం, ఆపైన అచ్యుతరాయల పట్టాభిషేకం జరిగిన శ్రీకాళహస్తి. చాలావరకు ఇదే ఏటి వెంబడి, దాని చుట్టుపక్కల ఉన్నవే. తిరుపతికి వచ్చే యాత్రికుడికి వీటిని విడివిడిగా, ఒక్కో కారు కిరాయితో చూపించే బదులు, ఒక నది వెంట ప్రయాణంగా చూపే బస్సు ఒకటి నడపడానికి పర్యాటక శాఖకు పెద్ద ఖర్చు కాదు. చిత్తూరు వైపు పోయే బస్సులు, పాకాల రైలు మార్గం మీది చంద్రగిరి స్టేషను ఎలాగూ ఉన్నాయి.

కొండ ఎక్కించడం గురించి మీకు అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. రాళ్ళు జారుడు, ముళ్ళపొదలు, పాములు, పడిపోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. అవి కాదనలేనివి. అందుకని అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, వాన లేని రోజుల్లో, తెల్లవారుజామున, పేర్లు నమోదు చేసుకుని చిన్న బృందాలుగా, శిక్షణ పొందిన మార్గదర్శకుడితో మాత్రమే అనుమతించవచ్చు. ఆ మార్గదర్శకులను చంద్రగిరి యువతలోంచే ఎంపిక చేయండి. ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం బోధించే విభాగం శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉన్నది కనుక, శిక్షణ కోసం దూరం పోవలసిన పని లేదు. వచ్చేవారిలో తమిళులు, కన్నడిగులు చాలామంది ఉంటారు కాబట్టి తెలుగుతో పాటు ఆ రెండు భాషల్లోనూ చెప్పగలిగినవారైతే మరీ మంచిది. మా వైపు పిల్లలకు ఆ మూడు భాషలు రావడం వింతేమీ కాదు. తాగునీరు, మరుగుదొడ్లు, నీడ గురించి వేరే చెప్పడం లేదు. అవి ఉండి తీరవలసినవి.

మరమ్మతుల గురించి ఒక్క మాట. గోడ సందుల్లో, గుడి శిఖరాల మీద మొలిచే రావి, మర్రి మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడే తీసివేయకపోతే, వేళ్ళు లోపలికి దిగి రాళ్ళను విడదీస్తాయి. అప్పుడు మొక్కను తీస్తే గోడ, ఉంచితే గోడ, రెండు విధాలా పోయేది గోడే. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురానికి పగుళ్ళు ఉన్నాయని ఊరందరికీ తెలుసు. 2010 మే 26న అది కుప్పకూలింది. దాని స్థానంలో కొత్త గోపురం లేచింది, భక్తులకు లోటు లేదు. అయినా రాయల నాటి చేతిపని ఆ రోజుతో పోయింది. చంద్రగిరి కోటలోని శిథిలాలయాల్లో ఏ రాయి ఎంత ఒరిగిందో ఏటా కొలిచి, ఆ కొలతలను ప్రజలకు తెలియజేసే పద్ధతి ఒకటి మొదలుపెట్టవలసిందిగా పురావస్తు అధికారులను కోరుతున్నాను. పగులు పెరుగుతున్నదో ఆగిందో అంకెలు చెబుతాయి. నిధులు అడగడానికి మీకు కూడా అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.

వచ్చే ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే లోపల మీ శాఖల అధికారులంతా ఒక ఉదయం చంద్రగిరిలో కలిసి, వాహనాలు ఊళ్ళోనే వదిలి, ఏటి ఒడ్డు నుంచి కందకం మీదుగా, గోడ వెంట, కొండమీది చెరువుల దాకా కాలినడకన వెళ్ళాలని ప్రార్థన. దారి ఎక్కడెక్కడ ఎవరి హద్దు వల్ల తెగుతున్నదో అక్కడికక్కడే గుర్తించి, దాన్ని కలిపే బాధ్యత ఏ శాఖదో అదే రోజు రాసుకుంటే మిగిలిన పని సులువవుతుంది. ఆ నడకకు పంచాయతీ సభ్యులను, ఏటి గట్టు రైతులను, విశ్వవిద్యాలయం ఆచార్యులను కూడా పిలవండి. రైతులను తప్పకుండా పిలవండి, ఏరు పొంగితే నీరు ఎంతవరకు వస్తుందో వారికి తెలిసినంతగా ఏ పటంలోనూ ఉండదు. ఆ రోజు తీసుకున్న నిర్ణయాలను జిల్లా యంత్రాంగం బహిరంగంగా ప్రకటిస్తుందని ఆశిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
తిరుపతి నివాసి ఒకరు